కరాటే వస్తే ఇక భయం లేదా?

"మా అమ్మాయిని కరాటేలో చేర్పించాం డాక్టరుగారూ! ఇక భయం లేదు కదా?"

ఆడపిల్లలున్న తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వేసవి సెలవులిస్తే చాలు, తెల్లదుస్తులు వేసుకుని, నడుముకి రంగుబెల్టు కట్టుకుని, స్కూలు ఆవరణల్లో "హా... హూ..." అంటూ గాలిని గుద్దే పిల్లలు వూరూరా కనిపిస్తారు. 1973లో బ్రూస్‌లీ నటించిన 'ఎంటర్ ది డ్రాగన్' విడుదలయ్యాక ప్రపంచమంతా పాకిన మోజు ఇది. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ కావటంతో ఆ మోజుకి గౌరవం కూడా తోడయింది.

పిల్లల్ని చేర్పించటం మంచిదే. కాని "ఇక భయం లేదు" అనుకోవటం మంచిది కాదు. ఈ విద్యలు ఆపదలో ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో తెలియకపోతే నల్లబెల్టు వున్నవాళ్ళు కూడా చిక్కులో పడతారు.

ఆటకి రూల్సుంటాయి, ఆపదకి వుండవు

బాక్సింగ్ పోటీ చూడండి. ఇద్దరూ ఇంచుమించు ఒకే బరువు. చేతులకి గ్లోవ్స్. మూడు నిమిషాలకోసారి గంట. పడిపోతే రిఫరీ పది లెక్కపెడతాడు. ఇంగ్లండులో 1867లో అచ్చయిన క్వీన్స్‌బెర్రీ నిబంధనల్లోనే గ్లోవ్స్, మూడు నిమిషాల రౌండు, పది సెకన్ల గడువు వున్నాయి. జూడోలో అయితే మెత్తటి చాప మీద పడతారు. పీక నొక్కుకుపోతూంటే చేత్తో రెండుసార్లు తడితే చాలు, అవతలివాళ్ళు వదిలేస్తారు.

మరి బస్టాండు వెనక సందులోనో? మీదపడేవాడు మీకంటే ముప్ఫై కిలోల బరువు ఎక్కువ వుండొచ్చు. ఒక్కడే వస్తాడని లేదు. ఎదురుగా వస్తాడనీ లేదు. చేతిలో ఏముందో కనిపించదు. కింద సిమెంటు రోడ్డు. మీ చంకలో పసిపిల్ల, భుజాన సంచీ, కాళ్ళకి హవాయి చెప్పులు. గంట కొట్టేవాడు ఎవడూ లేడు.

బలం సంగతి కూడా చెప్పుకోవాలి. సగటు స్త్రీ భుజాల్లో, చేతుల్లో వుండే బలం సగటు పురుషుడి బలంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, శరీర నిర్మాణమే అంత. అందుకే పోటీల్లో స్త్రీలకీ పురుషులకీ వేరు వేరు విభాగాలు పెట్టారు. ఒక్క తన్నుతో నలుగుర్ని పడగొట్టటం సినిమాలో హీరోయిన్‌కే సాధ్యం.

ఎదుటివాడి తల ఎత్తుకి కాలు లేపి తన్నటం పోటీలో పాయింట్లు తెస్తుంది. చీరకుచ్చిళ్ళతో, తడిరోడ్డు మీద, ఒంటికాలిమీద నిలబడి అదే పని చేస్తే పడేది తన్నినవాళ్ళే. తన్నక తప్పకపోతే మోకాలు, మోకాలి కింద, అంతవరకే.

భయం వేస్తే ఒంట్లో ఏం జరుగుతుంది?

"అయితే ఫీజు కట్టటం దండగేనా?" అంటారు మీరు. దండగ కాదు. ఎందుకో తెలియాలంటే భయం శరీరాన్ని ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని వుండే అడ్రినల్ గ్రంథులు ప్రమాదం ఎదురవగానే అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. చర్మంలో తిరిగే రక్తం పెద్ద కండరాలకి మళ్ళుతుంది. ముఖం పాలిపోవటం, చేతులు చల్లబడటం అందువల్లే. వేళ్ళు వణుకుతాయి. రోజూ తీసే తాళమే అయినా తాళంచెవి రంధ్రంలో దూరదు. ఫోను మీద అంకెలు నొక్కలేరు. చూపు ఎదుటివాడి మీదే నిలిచిపోయి పక్కనున్న దారి కనిపించదు. చెవులు దిబ్బళ్ళు పడినట్లుంటుంది.

ఇలాంటి స్థితిలో "మణికట్టు ఇటు తిప్పి, బొటనవేలు అటు వంచి" అని నేర్పిన నాజూకు పట్లు గుర్తుకు రావు. వచ్చినా వేళ్ళు మాట వినవు. అప్పుడు చేతనయ్యేవి మోటు పనులే. తోసేయటం, విదిలించుకోవటం, మోచేత్తో పొడవటం, గట్టిగా అరవటం, పరుగెత్తటం.

కొందరికి అవి కూడా చేతకావు. ఒళ్ళు కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. స్వీడన్‌లోని స్టాక్‌హోంలో అత్యాచారానికి గురై చికిత్సకి వచ్చిన 298 మంది స్త్రీలని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వారిలో నూటికి డెబ్భై మంది ఆ సమయంలో ఇలా బిగుసుకుపోయామని చెప్పారు. ఇది పిరికితనం కాదు, ఒప్పుకోవటం అంతకంటే కాదు. తుమ్ము, వెక్కిళ్ళలాగా మన చేతిలో లేని శరీర ధర్మం. అందుచేత అలాంటి పిల్ల ఇంటికొచ్చి ఏడిస్తే "మరి ఎందుకు అరవలేదే?" అని మాత్రం అడక్కండి. నేర్చుకున్న కరాటే ఏమయిందని అసలు అడక్కండి.

మంచి శిక్షణ ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. ఒక మనిషి మీదకి రావటం, గట్టిగా పట్టుకోవటం, దెబ్బ తగలటం శరీరానికి కొత్త కాకుండా పోతాయి. ఊపిరి బిగబట్టకుండా వదలటం అలవాటవుతుంది. అప్పుడు కూడా భయం వేస్తుంది. కాని ఆ భయంలో కాళ్ళు కదిలే అవకాశం ఎక్కువ. పైగా రోజూ సాధన చేసినవాళ్ళకి ఆయాసం రాకుండా రెండు వీధుల దూరం పరుగెత్తగలిగే దమ్ము వుంటుంది.

గాలిలో గుద్దులు, మనిషితో పెనుగులాట

ఏ విద్య గొప్పది? కరాటేనా, జూడోనా, బాక్సింగా, కర్రసామా? ఈ వాదనకి అంతులేదు. అసలు అడగవలసిన ప్రశ్న ఒకటే. సాధనలో ఎదుటివాళ్ళు నిజంగా ఎదురుతిరుగుతారా, లేదా?

జపాన్‌లో జుజుత్సు అనే పాత విద్య వుండేది. అందులో ప్రాణాపాయం తెచ్చే పట్లెన్నో. జిగోరో కానో అనే ఆయన 1882లో టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణాలయం స్థాపించి జూడో నేర్పటం ప్రారంభించాడు. స్వేచ్ఛగా పెనుగులాడే సాధనలోంచి ఆయన ప్రమాదకరమైన పట్లు తీసేశాడు. విద్య బలహీనపడిందా? లేదు. గాయాల భయం తగ్గటంతో శిష్యులు రోజూ పూర్తి బలంతో, లొంగకుండా తిరగబడే మనిషితోనే సాధన చెయ్యగలిగారు.

గట్టుమీద నిలబడి చేతులాడిస్తే ఈత రాదు, నీళ్ళలో దిగాలి. భయంకరమైన దెబ్బని గాలిలో వెయ్యిసార్లు కొట్టినవాడికంటే, సాదా పట్టుని విడిపించుకుపోయే మనిషి మీద వందసార్లు ప్రయత్నించినవాడే ఆపదలో నిలబడతాడు. మన తాలింఖానాల్లో వస్తాదులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. దండీలు, బస్కీలు తీయించాక మట్టిలోకి దింపి కుస్తీ పట్టించేవారు.

కాబట్టి వరసలో నిలబడి ఏళ్ళ తరబడి గాలిని గుద్దించి బెల్టు మీద బెల్టు ఇచ్చే చోట పిల్లలకి వ్యాయామం, క్రమశిక్షణ అబ్బుతాయి. అవీ విలువైనవే. ఆత్మరక్షణ మాత్రం అబ్బిందని అనుకోకండి.

అందరికీ పనికొచ్చే విద్య: పడటం

ఈ విద్యలన్నిటిలో మీకు జీవితంలో ఎక్కువసార్లు ఉపయోగపడేది ఏదో తెలుసా? దెబ్బలు తగలకుండా కిందపడటం! జూడోలో మొట్టమొదట నేర్పేది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది జారిపడి, తూలిపడి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాతి స్థానం దీనిదే. దొంగ మన జీవితంలో ఒక్కసారీ ఎదురుపడకపోవచ్చు. స్నానాలగది మాత్రం రోజూ ఎదురవుతుంది.

పడబోతూ అందరం చెయ్యి చాచి నేలమీద ఆనుస్తాం. ఒంటి బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరుగుతుంది. వెల్లకిలా పడితే తల వెనక్కి వాలి నేలకి కొట్టుకుంటుంది. జూడోలో నేర్పేది దీనికి విరుగుడు. గడ్డం ఛాతీకి ఆనించటం, ఒళ్ళు గుండ్రంగా ముడవటం, ఊపిరి వదలటం, దెబ్బని ఒక్కచోట పడనివ్వకుండా తొడ, పిరుదు, వీపు మీదుగా పంచటం. పిల్లలకీ, యువకులకీ గురువు దగ్గర, మెత్తటి చాపమీద కొన్ని వారాల్లో ఇది అలవాటవుతుంది.

పెద్దవయసువాళ్ళు మాత్రం దీన్ని ఇంట్లో ప్రయత్నించకూడదు. వాళ్ళకి కావలసింది పడకుండా వుండటం. కాళ్ళ బలాన్నీ, నిలకడనీ పెంచే వ్యాయామాల వల్ల పెద్దవాళ్ళు పడటం సుమారు నాలుగోవంతు తగ్గిందని పరిశోధనలు తేల్చాయి. చైనావారి తాయ్‌చీ కూడా ఇందుకు పనికొస్తుంది. అదీ పుట్టుకతో యుద్ధవిద్యే!

కత్తి కనిపిస్తే, గొలుసు లాగితే

చేతిలో కత్తి వున్నవాడిమీద ఏ విద్యా నమ్మకమైనది కాదు. "పది రోజుల్లో కత్తి లాక్కోవటం నేర్పుతాం" అనేవాళ్ళని నమ్మకండి. పర్సడిగితే పర్సిచ్చెయ్యండి. పారిపోయే దారుంటే పారిపోండి.

మోటారు సైకిలు మీద వచ్చి మెళ్ళో గొలుసు లాగితే చాలామంది స్త్రీలు రెండు చేతులా పట్టుకుంటారు. మంగళసూత్రం కనుక ప్రాణం పోయినా వదలకూడదనుకుంటారు. వదిలేయండి. కదిలే బండితో పెనుగులాడితే రోడ్డుమీద ఈడ్చుకుపోతారు, తల పగులుతుంది. గొలుసు మళ్ళీ చేయించుకోవచ్చు. ఇంట్లో మగవాళ్ళు కూడా ఈ మాట ముందుగానే భార్యకీ, తల్లికీ చెప్పి వుంచాలి. "ఎలా పోగొట్టుకున్నావు?" అంటారన్న భయంతోనే చాలామంది గొలుసు వదలరు.

మనిషి పట్టుకుంటే మాత్రం వేరు. నోటినిండా అరవండి, విదిలించుకోండి, జనం వున్న వైపు పరుగెత్తండి. సురక్షితమైన చోటు చేరాక 112కి ఫోను చేయండి.

తెలిసినవాడే అయితే?

అసలు చిక్కు ఇక్కడుంది. మన ఊహలో దుర్మార్గుడు చీకటి సందులోంచి వస్తాడు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురించే వివరాలు చూస్తే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. బంధువు, పక్కింటాయన, స్నేహితుడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. "మామయ్యా" అని పిలిచే మనిషి ముఖంమీద ఏ అమ్మాయి గుద్దగలదు? చేతులు రాకముందు అక్కడ మాట రావాలి.

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదివే సుమారు 900 మంది అమ్మాయిల మీద ఒక పరిశీలన జరిగింది. సగంమందికి పన్నెండు గంటల శిక్షణ ఇచ్చారు. మిగతా సగానికి సమాచార పత్రాలు ఇచ్చి వూరుకున్నారు. శిక్షణలో కొంతభాగమే దెబ్బలు, విడిపించుకోవటాలు. మిగతాదంతా తెలిసిన మగవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందుగా పసిగట్టటం, "ఏమనుకుంటాడో" అన్న మొహమాటాన్ని దాటటం, గట్టిగా కాదనటం. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. శిక్షణ పొందినవారిలో ఏడాది లోపల అత్యాచారానికి గురైనవారు నూటికి 5.2. మిగతావారిలో 9.8. అంటే దాదాపు సగానికి తగ్గింది.

ఇది చదివాక మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. "గట్టిగా మాట్లాడకు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు, నలుగురూ వింటారు" అని పదిహేనేళ్ళు నేర్పుతాం. ఆ తరవాత వేసవిలో నెలరోజులు కరాటే నేర్పించి "ధైర్యంగా వుండు" అంటాం. "నాకిష్టం లేదు, చెయ్యి తీయండి" అని బాబాయి వరసవాడితోనైనా సరే నలుగురిలో అనగలిగే పిల్లకి సగం ఆత్మరక్షణ వచ్చినట్లే. ఆ మాట అన్నందుకు ఇంట్లో తిట్టరన్న నమ్మకం మిగతా సగం. అది మీరే ఇవ్వాలి.

పిడికిలి, తల, మెడ

ఘర్షణ జరిగాక ఇంట్లో తెలిసి వుండవలసిన సంగతులు కొన్ని.

పిడికిలితో తలమీద గుద్దితే తరచుగా విరిగేది గుద్దినవాడి చెయ్యి. చిటికెనవేలి మొదట్లో అరచేతిలోని ఎముక విరుగుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరే 'బాక్సర్స్ ఫ్రాక్చర్'. అందుకే అరచేతి మడమతో కొట్టమంటారు. ఎదుటివాడి పళ్ళు తగిలి కణుపు మీద చిన్నగాయమైనా పసుపో, కాఫీపొడో అద్ది వూరుకోకండి. నోటిలోని క్రిములు కీలులోకి దిగి వేలు పనికిరాకుండా పోవచ్చు. ఆరోజే డాక్టరుకి చూపించండి.

తలకి దెబ్బ తగిలి కాసేపు మైకం కమ్మితే మొహాన నీళ్ళు కొట్టి, సోడా తాగించి మళ్ళీ ఆటకి దింపటం చాలాచోట్ల చూస్తాం. ఇది చాలా తప్పు. ఆ రోజు ఆట అక్కడితో ఆపాలి. డాక్టరు సరేననేవరకు మళ్ళీ దింపకూడదు. ఆగని వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పటం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

మెడ నొక్కటం అన్నిటికంటే మోసకరమైనది. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడకి రెండువైపులా వుంటాయి. అవి అణిగిపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది. పైకి మచ్చయినా కనిపించకపోవచ్చు. ఆ తరవాత గొంతు బొంగురుపోవటం, మింగటం కష్టం కావటం, ఆయాసం కనిపించవచ్చు. రక్తనాళం లోపల చీలితే గంటలు, రోజులు గడిచాక పక్షవాతం కూడా రావచ్చు. మొగుడు కోపంలో పీక పట్టుకున్నా, స్నేహితులు సరదాకి పట్టుకున్నా, మెడ నొక్కాక ఇలాంటి లక్షణం ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. స్పృహ తప్పి తేరుకుంటే, లక్షణాలేవీ లేకపోయినా వెళ్ళాలి.

మగపిల్లల సంగతి

ఆడపిల్లల గురించే ఇంత సేపూ చెప్పుకున్నాం. నాలుగు గుద్దులు నేర్చిన కుర్రాడు కాలేజీ గేటు దగ్గర మాటామాటా వస్తే తగ్గడు. ఒక్క గుద్దుకి ఎదుటివాడు వెల్లకిలా పడి తల సిమెంటుకి కొట్టుకుంటే ప్రాణం పోవచ్చు. చంపింది గుద్దు కాదు, నేల. కాని జైలుకి వెళ్ళేది గుద్దినవాడు.

ఆత్మరక్షణ హక్కుని చట్టం ఒప్పుకుంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. కాని ఆపద తప్పించుకోవటానికి అవసరమైనంత బలమే వాడాలని అక్కడే వుంది. పడిపోయినవాణ్ణి తన్నటం ఆత్మరక్షణ కాదు. ఈ సంగతి మొదటి పాఠంలోనే చెప్పే గురువు మంచి గురువు.

ఎక్కడ చేర్పించాలి?

డబ్బు కట్టేముందు ఒకరోజు వెళ్ళి కూర్చుని చూడండి. తల్లిదండ్రుల్ని చూడనివ్వకపోతే తిరిగి వచ్చెయ్యండి. కిందపడటం ముందుగా నేర్పుతున్నారా? పిల్లలు ఒకరితో ఒకరు నిజంగా పెనుగులాడుతున్నారా? అరవటం, తప్పించుకుని పరుగెత్తటం పాఠంలో వున్నాయా? మామూలు బట్టలతో, చెప్పులతో కూడా సాధన చేయిస్తున్నారా? దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెడుతున్నారా?

చిన్నపిల్లలకి తలమీద దెబ్బలు పడే ఆటలు వద్దు. పిల్లలకి బాక్సింగ్ తగదని అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లో కలిసి ప్రకటించాయి. తలకి కట్టే రక్షణ తొడుగు పుర్రెకి గాయం కాకుండా కొంత కాపాడుతుంది, లోపల మెదడు కదిలిపోవటాన్ని ఆపలేదు. ఎదిగే వయసులో జూడో, కుస్తీ, తలమీద కొట్టని కరాటే మేలు.

గుండెజబ్బు, మూర్ఛ, అదుపులో లేని రక్తపోటు, రక్తం తొందరగా గడ్డకట్టని జబ్బు వున్నవాళ్ళూ, కంటి అద్దాల పవరు మరీ ఎక్కువగా వున్నవాళ్ళూ డాక్టరుకి చూపించుకోకుండా చేరవద్దు. గర్భిణీలు అసలే వద్దు.

వారానికి రెండు మూడు రోజులు, కనీసం ఏడాది సాధన చేస్తే శరీరానికి అలవాటవుతుంది. వదిలేస్తే తగ్గిపోతుంది. బెల్టు రంగు ఏమిటని పిల్లల్ని అడగకండి. ఈ వారం ఎన్నిసార్లు పడ్డావు, ఎన్నిసార్లు విడిపించుకున్నావు అని అడగండి. ఎవరైనా ఇబ్బంది పెడితే ఇంటికొచ్చి చెప్పగలవా అని కూడా అడగండి.